మట్టెవాడ పిచ్చుకలు, కొమురయ్య పడుగు

వరంగల్, మట్టెవాడ,
మార్గశిరం, గురువారం.

చిరంజీవి తమ్ముడు నర్సయ్యకు అక్క ఆశీస్సులు.

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. బడి వదిలినా ఎర్రసిరా వదలలేదని నవ్వుకో, ఫరవాలేదు. "పట్నంల కాకి తప్ప పిట్ట కనవడది, నీకు పొద్దెట్ల పోతదే అక్కా" అని రాశావు. ఇక్కడ పిచ్చుకలున్నాయి నాయనా. కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. వాటిని పిలిచి మరీ పీట వేసి కూర్చోబెట్టింది మీ అక్కే. ఆ సంగతంతా చెప్పడానికి ఇన్‌లాండ్ లెటరు చాలదని అల్లుడు రవీందర్ చేత తెల్లకాగితాలు తెప్పించుకుని కూర్చున్నాను. నువ్వూ తీరిగ్గా కూర్చుని చదువు. బర్రె పాలు పిండుతూ చదవకు, పోయినసారి ఉత్తరం నానిపోయిందని నువ్వే రాశావు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ నీ దగ్గు ఎలా ఉంది? బీడీ మానేశానని రాశావు గానీ కాగితానికి ఇంకా వాసన వస్తూనే ఉంది. మరదలు సుగుణ మోకాలికి ఆవనూనె రాస్తున్నదా, లేక దేవుడి మీద భారం వేసిందా? చిన్నమ్మకు చూపు ఎలా ఉంది? ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. నా మీద నేను వేసుకున్న చురకలు మాత్రం దాటెయ్యి. ఆమె దగ్గర నాకింకా కొంచెం పరువుంది.

నా గురించి బెంగ పెట్టుకోకండి. తింటున్నాను, నిద్రపోతున్నాను, మందులు వేసుకుంటున్నాను. చలి బాగానే ఉంది. మన దగ్గర గోదావరి మీదుగా వచ్చే చలి మనిషిని పలకరించి లోపలికి వస్తుంది. ఇక్కడి చలి గచ్చు నేలలోంచి నేరుగా పాదాల్లోకి ఎక్కుతుంది. కూరగాయలు బాగా దొరుకుతాయి. చేపలు కూడా దొరుకుతాయి గానీ, అవి ఎప్పుడు చచ్చాయో అడిగితే అమ్మేవాడికి కోపం వస్తుంది. నేను బాగున్నాను, మళ్లీ చెబుతున్నాను, బెంగ వద్దు.

అయితే వచ్చిన కొత్తలో బాగాలేనన్నది నిజం. అప్పుడు రాస్తే నువ్వు మరుసటి బస్సెక్కి వచ్చేవాడివని రాయలేదు. పొద్దున్నే మా అమ్మాయి వసంత టెలిఫోన్ ఆఫీసుకు, రవీందర్ ధాన్యం మార్కెట్‌కు, మనవరాలు స్వప్న బడికి వెళ్లిపోతారు. తర్వాత నేనూ, రేడియో. రేడియో తన మాట చెబుతుందే తప్ప మన మాట వినదు. ఆ విషయంలో అచ్చం పోయిన మీ బావగారే. జీవితమంతా తరగతి గదిలో మాట్లాడిన దాన్ని, సాయంత్రం అయ్యేసరికి గోడకైనా పాఠం చెప్పాలనిపించేది.

అప్పుడు దొరికింది కనకమ్మ. మా ఎదురిల్లు. భార్యాభర్తలిద్దరూ నేతపని చేస్తారు. ముందుగదిలోనే మగ్గం. ఒకనాడు అగ్గిపెట్టె అడగడానికి వెళ్లి, దీపాలు పెట్టేదాకా అక్కడే కూర్చుండిపోయాను. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అదే నా బడి. ఆమె కాళ్లూ చేతులూ ఆడుతుంటాయి, నా నోరు ఆడుతుంటుంది. మధ్యలో వేడివేడి సర్వపిండి ముక్క ఒకటి నా చేతిలో పెడుతుంది, నోరు కాసేపు ఆగుతుందన్న ఆశతో. నాకంటే చాలా చిన్నది గానీ మాట పడదు. "టీచరక్కా, నువ్వు పాఠం జెప్తానవా, ముచ్చట జెప్తానవా? పాఠమైతే నాకు నిద్రొస్తది" అంటుంది. ఈ ఊళ్లో నాకు దొరికిన స్నేహమంటే ఆ ఒక్క గదే. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

ఇక నువ్వు అడిగిన ముచ్చట్ల సంగతి. బస్సు కండక్టరు నీకు చెప్పినట్టు నేను ఉపన్యాసాలు ఇవ్వడం లేదు. మా వాడ గ్రంథాలయం వరండాలో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక సభ జరుగుతుంది, దాన్నే అందరూ ముచ్చట అంటారు. సుధాకర్ సారని కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే కుర్రవాడు మొదలుపెట్టాడు. మనుషుల్ని మళ్లీ ప్రకృతికి దగ్గర చేయాలని అతని పట్టుదల. మంచివాడు. పెళ్లి కాలేదు, అందుకే ఆదివారాలు ఖాళీ.

మొదటి సభలో "మనమంతా ప్రకృతికి ఎంతో దూరమైపోయాం" అన్నాడు. రైల్వేలో టికెట్లు చూసి రిటైరైన యాదగిరి అని ఒకాయన ఉన్నాడు, వెంటనే లేచాడు.

"ఎంత దూరం సారూ? కాజీపేటకు ఇవతలనా, అవతలనా?"

పాపం, సారు నవ్వేసి, అందరినీ కళ్లు మూసుకుని ప్రకృతి శబ్దాలు వినమన్నాడు. విన్నాం. పక్క సందులోంచి పవర్‌లూమ్ టకటకలు, అరటిపళ్ల బండివాడి కేక, ఎవరింట్లోనో కుక్కరు కూత. కాసేపటికి యాదగిరి గురక. వాటన్నిటిలో ప్రకృతి చేసిన శబ్దం అదొక్కటే.

ఇలా ఉండగా నేను ఏటూరునాగారం నుంచి వచ్చానని వసంత ఎవరితోనో అన్నదట. మరుసటి ఆదివారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "అమ్మగారు అడవి నుంచి వచ్చారు" అని పరిచయం చేశారు. మనకూ పోస్టాఫీసు ఉందనీ, బస్టాండుందనీ, టూరింగ్ టాకీసు కూడా ఉందనీ చెబితే ఎవరికీ నచ్చలేదు.

"పులిని చూసినవా పెద్దమ్మా?" అని వెనక నుంచి ఒకరు.

"లేదు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరును చూశాను."

అందరూ నవ్వారు. నవ్వితే నాకు ఊపొస్తుందని నీకు తెలుసు. మన నాయన ముచ్చట చెప్పాను. కోతలప్పుడు మంచి కంకులు ఏరి, కాడలు అల్లి, జడకుచ్చులా కట్టి చూరుకు వేలాడదీసేవాడు కదా. పిట్టలు వచ్చి ముట్టిన తర్వాతే మనింట్లో కొత్తబియ్యం పొయ్యి మీదికి ఎక్కేది. ఆకలేసి నువ్వు పిట్టల్ని తొందరపెట్టడానికి చూరు కింద నిలబడి బతిమాలేవాడివి, అది కూడా చెప్పాను. ప్రకృతి కోసం బస్సెక్కి మా ఊరు రానక్కర్లేదు, ఇంటికో కుచ్చు కట్టి దాని కింద కూర్చోండి అన్నాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లకు ఎవరికైనా కొంచెం తల తిరుగుతుంది. నాకు కొంచెం ఎక్కువ తిరిగింది. "ఒకటీ రెండూ కాదు, సందుకు రెండువైపులా కట్టండి, తోరణంలా ఉండాలి" అని కూడా అన్నాను.

కోతల కాలం కదా, మార్కెట్‌కు వచ్చే రైతులకు రవీందర్ చెబితే కంకులు తెచ్చి ఇచ్చారు. వాడలో ఆడవాళ్లం మా వరండాలో కూర్చుని కుచ్చులు అల్లాం. కనకమ్మ కూడా మగ్గం ఆపి వచ్చి అల్లింది. అందరికంటే సన్నగా, అందంగా వచ్చింది ఆమెదే. తీసుకెళ్లి తన గుమ్మం మీదే కట్టుకుంది. రెండు రోజుల్లో పిచ్చుకలు వచ్చాయి. ఆ తర్వాత వాటి చుట్టాలు వచ్చారు. ఆ వారమంతా నేను సందులో పెళ్లికూతురి తల్లిలా నడిచాను తమ్ముడూ.

ఇప్పుడు విను. నేతవాళ్లు మగ్గమెక్కించే ముందు నిలువు దారాలన్నింటినీ వీధిలో బారుగా సాగదీసి, వాటికి గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఆ నిలువు దారాలనే పడుగు అంటారు. ఎండెక్కకముందే, తెల్లవారుజామున మొదలుపెట్టాలి. లేకపోతే దారం పెళుసైపోతుంది. మా సందులో ఆ చివర నుంచి ఈ చివర దాకా కనకమ్మ పెనిమిటి కొమురయ్య పడుగు పరుస్తాడు. అది నేను వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. కనకమ్మ పుట్టినప్పటి నుంచి చూస్తున్నది. అయినా కుచ్చులు అల్లేటప్పుడు ఇద్దరికీ తట్టలేదు. ఆమెకు నా మాట మీద గౌరవం, నాకు నా మాట మీద అంతకంటే గౌరవం.

పడుగు పరిచిన రోజు పొద్దున్నే కీచుకీచుమని గోల వినిపించి, చాయ్ గ్లాసుతో బయటికి వచ్చాను. సందంతా పిచ్చుకలు. పైన వడ్లు, కింద దారాల మీద బియ్యపు గంజి. వాటికి పెళ్లిభోజనమే. బారుగా దారాల మీద కూర్చుని ముక్కులతో పొడుస్తున్నాయి, గోళ్లతో పీకుతున్నాయి. ఎన్ని పిచ్చుకలో అని ఒక్క క్షణం మురిసిపోయాను కూడా, ఆ మాట దాచడం ఎందుకు. ఆ తర్వాత కొమురయ్య మొహం చూశాను. మనిషి భుజం మీది తువ్వాలు తీసి ఒకవైపు ఊపుతుంటే ఇంకోవైపు వాలుతున్నాయి. తడి దారాలు పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి.

అది ఒక పెళ్లింటివాళ్లు చెప్పిన చీరలకు వేసిన పడుగు. ముహూర్తం దగ్గరికొచ్చింది. తెగిన ప్రతి పోగునూ వెతికి, చేత్తో ముడివెయ్యాలి. నేను సాయం పట్టబోతే కనకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు టీచరక్కా. పిట్టల పెండ్లి మంచిగ జేసినవ్. మా పెండ్లోళ్లకు ఏం జెప్పాల్నో గది గూడ నువ్వే జెప్పు."

గుమ్మం మీది తన కుచ్చును తెంపి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మామూలు వేళకే వెళ్లాను. తలుపు గడియ పెట్టి ఉంది. లోపల మగ్గం ఆడుతోంది. తలుపు తట్టాను. మగ్గం ఆగింది. మళ్లీ ఆడింది. వెనక్కి వచ్చి రేడియో పెట్టుకున్నాను. నేనేమీ ఏడవలేదు. ఏడ్చానని వసంత నీకు రాస్తే నమ్మకు.

కుచ్చులన్నీ ఆ రోజే తీయించాను. పిచ్చుకలు పోతాయా? అలవాటు పడ్డ చుట్టాలు. ఉత్త తాళ్ల మీద కూర్చుని ఇళ్లలోకి తొంగిచూడడం మొదలుపెట్టాయి. ఆ చీరలకే ఇంకో పడుగు వెయ్యాల్సి ఉంది. ఆ భయంతో కొమురయ్య ఒక నిర్ణయానికి వచ్చాడని రవీందర్ విని వచ్చాడు. ఇల్లు ఖాళీ చేసి, మగ్గంతో సహా కొత్తవాడలో బావమరిది దగ్గరికి వెళ్లిపోతారట. కొత్తవాడ ఎంతో దూరం లేదు. కానీ రోజూ సాయంత్రం అగ్గిపెట్టె అడగడానికి వెళ్లేంత దగ్గరా లేదు.

ఆదివారం సభలో ప్రకృతి మాట పక్కకు పోయి ఈ పంచాయతీ మొదలైంది. యాదగిరి లేచాడు.

"వాడ అందరిది. ఒక్క కొమురయ్య కోసం అందరం పరేషాన్ కావాల్నా? పడుగు ఇంకో జాగల ఏసుకొమ్మనుండ్రి."

"నీ రైలు పట్టాలు కూడ అందరియే గద యాదగిరన్నా, మరి పట్టాల మీద మంచమేసుకుంటె ఊకున్నవా?" అని మెట్ల దగ్గర నుంచి గొంతు వినిపించింది. కనకమ్మ. అంతకు ముందు ఎన్నడూ సభకు రాలేదు. లోపలికి రాకుండా, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. నా వైపు చూడలేదు.

సుధాకర్ సారు మెల్లగా ఒక మంచిమాట చెప్పాడు. తెల్లవారగానే మొదట ఎక్కడ గింజ దొరికితే పిచ్చుక అక్కడికే మరిగిపోతుందట. కుచ్చులు తీసేయడం కాదు, గ్రంథాలయం వెనకున్న ఖాళీ జాగాలో కడితే నెమ్మదిగా అటు తిరుగుతాయి అన్నాడు.

"నెమ్మదిగ అంటె ఎన్నడు సారూ? మా పడుగు ఎల్లుండి" అంది కనకమ్మ.

అప్పుడు నేను లేచాను.

"తీసిన కుచ్చుల్ని ఇవాళే గ్రంథాలయం వెనక కడదాం. వచ్చే ముచ్చట ఈ వరండాలో వద్దు, ఆదివారం వద్దు. ఎల్లుండి తెల్లవారుజామున సందులో, పడుగు పక్కన. ప్రకృతిని ప్రేమించే వాళ్లంతా విసనకర్రలు తెచ్చుకోండి. పిట్టల్ని పిలిచింది మనం, కాపలా కూడా మనమే కాద్దాం. ముందు నిలబడేది నేను."

కనకమ్మ మెట్లు దిగి వెళ్లిపోయింది. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా తెలియదు.

మంగళవారం ఇంకా చీకటి ఉండగానే కంబళి కప్పుకుని, తాటాకు విసనకర్ర పట్టుకుని బయటికి వచ్చాను. కొమురయ్య పడుగు పరుస్తున్నాడు. సందులో ఇంకెవరూ లేరు. నా మాటకు ఈ వాడలో ఎంత విలువో ఆ రెండు నిమిషాల్లో బాగా అర్థమైంది. అప్పుడు దగ్గుకుంటూ యాదగిరి వచ్చాడు, మెడకు మఫ్లరు, చేతిలో రైల్వేవాళ్ల పచ్చజెండా. "విసనకర్ర దొర్కలే పెద్దమ్మా, గిది నడుస్తదా?" అన్నాడు. ఆయన వెనకే వసంత, రవీందర్, చాటలు పట్టుకుని ఆడవాళ్లు, చివరికి సైకిల్ మీద సుధాకర్ సారు. పడుగుకు రెండువైపులా వరసగా నిలబడ్డాం. చలిలో విసురుకుంటున్న మనుషుల్ని చూసి పాలవాడు సైకిల్ దిగి నిలబడిపోయాడు.

సారు పిచ్చుకల మీద ప్రసంగం మొదలుపెట్టాడు. మాటలో పడి చెయ్యి ఆపేశాడు.

"సారూ, మాట్లాడుకుంటనే ఊపు. నోరు ఆగినా ఫికర్ లేదు, చెయ్యి ఆగొద్దు" అని కొమురయ్య గంజి కుంచె ఆపకుండానే కేకేశాడు.

వెలుతురు రాగానే పిచ్చుకలు వచ్చాయి. కొన్ని వెనక జాగాలో కుచ్చులు చూసుకుని అటు మళ్లాయి. కొన్ని పాత స్నేహం మరవలేక సందులోకే దిగాయి. ఒకటి వాలబోతే అందరం ఒక్కసారి హోయ్ అని అరిచాం.

"అర్వకుండ్రి! మీ ఉమ్మి పడితె దారం ఖరాబైతది. సప్పుడు జెయ్యకుండ ఊపుండ్రి" అని మళ్లీ కొమురయ్యే.

ఆ తర్వాత సప్పుడు లేదు. చాటలు, విసనకర్రలు, పచ్చజెండా. మాట లేకుండా నేనంత సేపు నిలబడడం వసంత పుట్టాక ఇదే మొదటిసారి చూసిందట. కుంచె దారాల మీద ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ అటు, అలా పోతూనే ఉంది. ఎండ గోడ దిగి సందులోకి వచ్చేసరికి దారాలు ఆరి నిగనిగలాడాయి. కొమురయ్య ఒక్కో వరసా వేళ్లతో తడుముతూ వచ్చాడు. తెగిన పోగు లేదు.

కనకమ్మ అందరికీ చాయ్ పోసింది. నా దగ్గరికి చివర వచ్చింది. గ్లాసు ఇచ్చి, నా చేతిలో విసనకర్ర లాక్కుంది.

"చెయ్యి వాచిపోయింటది. ఇంటికి పోయి కాపడం బెట్టుకో. పొద్దూకినంక వస్తవా, లేకుంటె గా రేడియో ముందట్నే కూసుంటవా?"

వెళ్లాను. కొత్తవాడ మాట నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. సర్వపిండిలో కారం మాత్రం మామూలు కంటే ఎక్కువ వేసింది. నీళ్లు అడగకుండా తిన్నాను. పెళ్లి చీరలు వేళకు అందాయి. ముచ్చట్లు జరుగుతూనే ఉన్నాయి. పడుగు ఉన్న రోజు సందులో, లేని వారం వరండాలో. రెండో రకానికి జనం తక్కువ.

కాబట్టి, "విసుగైతె తిరిగి వచ్చెయ్యి అక్కా" అన్న నీ మాటకు జవాబు, ఇప్పట్లో రాను. నా గది తాళం చెవి నీ దగ్గరే ఉంచు. వానకు ముందు పెంకులు సర్దించు. ఏప్రిల్‌లో స్వప్నకు సెలవులివ్వగానే దాన్ని తీసుకుని వస్తాను, గోదావరి చూపించాలి.

చిన్నమ్మకు నా దండాలు. ఆమె చల్లగా నెత్తిన చెయ్యి పెడితే ఈ చలికాలం గట్టెక్కుతానని చెప్పు. సుగుణకు, పిల్లలకు నా దీవెనలు. వసంత, రవీందర్ నీకు దండాలు చెప్పమన్నారు. నువ్వు జాగ్రత్త, చలిలో పొలం దగ్గర పడుకోకు. నేను బాగున్నాను.

ఎప్పటికీ నీ మేలు కోరే,
అక్క శాంతమ్మ.

తా.క. నిన్న సాయంత్రం కనకమ్మ తన పెరట్లో కూడా ఒక కుచ్చు కావాలంది. మగ్గం మీద కూర్చుంటే వెనక కిటికీలోంచి పిట్టల సప్పుడు వినబడాలట. సందులో మాత్రం వద్దట, నా ముందు వేలు ఊపి మరీ చెప్పింది. మార్కెట్ కంకులు పొట్టివి, గింజ తొందరగా రాలుతోంది. మన చెరువు కింది మడిలో ఇంకా కోయనివి ఉంటే, మూరెడు కాడ ఉంచి కోసి, ఒకరోజు నీడన ఆరబెట్టు. పాత ధోవతిలో వదులుగా చుట్టు, తాడు బిగించకు. వచ్చే వారం శనివారం పొద్దుటి బస్సు కండక్టరుకు ఇవ్వు. టాపు మీద వెయ్యనియ్యకు, తన సీటు కింద పెట్టుకోమను. బస్టాండులో నేనే నిలబడి ఉంటానని చెప్పు. ఆ రోజు కనకమ్మ కూడా నాతో వస్తుంది, అందుకని మూటతో పాటు ఆమెకు రెండు దోసకాయలు కూడా పెట్టు.